కలకత్తాలో కూర్చున్న గవర్నర్‌ది తప్పా కాదా

ఆ శుక్రవారం ఏషియన్ టౌన్ హాలు దద్దరిల్లిపోతోంది. తెలుగు సంఘం పెట్టిన వాదనల పోటీకి వలస కూలీల క్యాంపులు క్యాంపులే బస్సులెక్కి వచ్చిపడ్డాయి. పోటీలో మాట్లాడాల్సిన బుచ్చన్న మాత్రం ముందు వరుస వైపే చూస్తున్నాడు. అక్కడ అతని రూమ్‌మేట్ లింబాద్రి కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చున్నాడు. తప్పంతా నీదేనని కంపెనీ వాళ్ళు ఆదివారం అతన్ని ఇంటికి పంపించేస్తున్నారు.

లుసైల్‌లో వీళ్ళు కడుతున్న హోటలు వరల్డ్ కప్‌కు ముందే తయారు కావాలి. ఆ తొందరలో, ఈదురుగాలిలో స్కాఫోల్డింగ్ పరంజా ఎక్కి లింబాద్రి కిందపడ్డాడు. తనంతట తనే ఎక్కాడని ఫోర్‌మన్ రామమోహన్ చెప్పేశాడు. ఎక్కమన్నది ఆయనే, నా చెవులతో విన్నానని బుచ్చన్న ఎంత మొత్తుకున్నా ఫోర్‌మన్ మాట ముందు అతని మాట నిలుస్తుందా?

పోటీ విషయం మాత్రం పాతకాలంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ తన సైన్యాన్ని అవధ్ నవాబుకు అద్దెకిచ్చి రోహిల్లాల మీదికి పంపాడు. ఊళ్ళు తగలబడ్డాయి. తప్పు గవర్నర్‌దేనా అని బ్రిటిష్ పార్లమెంటులో పెద్ద రగడ జరిగింది. చీటీలు తీస్తే, తప్పేనని వాదించే వంతు రామమోహన్‌కు వచ్చింది, కాదనే వంతు బుచ్చన్నకు.

రామమోహన్‌కు మైకు దొరికితే ఇంకేముంది, పూనకమే. దొరగారు కలకత్తాలో చల్లగా కూర్చున్నాడట, నిప్పు పెట్టింది వేరెవరోనట, కనక ఆయన చేతికి మసి అంటలేదట, ఇదేం న్యాయమండీ అని బల్ల గుద్దాడు.

"చేసినవాణ్ణి కాదు, చెయ్యమన్నవాణ్ణి నిలదీయాలండీ" అన్నాడు.

హాలంతా ఈలలే ఈలలు. న్యాయనిర్ణేతగా వచ్చిన కంపెనీ సేఫ్టీ మేనేజర్ ఖమర్ సుల్తానా కూడా చప్పట్లు కొట్టింది.

బుచ్చన్న లేచాడు. నిజానికి అతని పని తేలికే. ఆ పార్లమెంటు చివరికి గవర్నర్‌కు ఏ తప్పూ అంటగట్టలేదు. ఆ ఒక్క మాట పట్టుకుంటే బహుమతి అతనిదే. కానీ రామమోహన్ అన్న మాటకే అతను లోపల ఆనందం పట్టలేకపోతున్నాడు.

"నేను ఓడిపోయిన. సార్ చెప్పిందే నిజం. మరి గంత గాలిల లింబాద్రిని మీదికి ఎక్కుమన్నదెవలు, సార్?"

ఈలలు టక్కున ఆగిపోయాయి. పోటీకీ దీనికీ సంబంధమేమిటన్నట్టు రామమోహన్ ఖమర్ సుల్తానా వైపు చూశాడు. ఆవిడ ఆదుకోలేదు. చెప్పండి సార్ అని వెనక నుంచి ఒకరన్నారు, తర్వాత అందరూ అన్నారు. ఇందాక హాలునంతా ఊపేసిన మనిషి ఇప్పుడు లింబాద్రి కట్టు మీంచి చూపు తిప్పుకోలేకపోతున్నాడు.

"నేనే ఎక్కమన్నాను" అన్నాడు.

మైకు ఇంకా చేతిలోనే ఉంది కాబట్టి ఆ మాట వెనక వరుస దాకా వినపడింది.

లింబాద్రి ఆదివారం ఎక్కడికీ వెళ్ళడని ఖమర్ సుల్తానా చెప్పింది. పోటీలో గెలిచింది మాత్రం రామమోహనేనంది. ఆయన బహుమతి కోసం లేవలేదు. బుచ్చన్న అటు చూడనే లేదు. ఓడిపోయినవాడు లింబాద్రిని కుర్చీతో సహా ఎత్తడానికి తంటాలు పడుతూ పగలబడి నవ్వుతున్నాడు.