తిన్న చేపకి పాయింట్లు లేవు

మా కాలేజీలో రమేష్‌బాబు గారని ఒక కామర్స్ ప్రొఫెసరు ఉన్నారు. పోయిన ఏడాది ఆయన ముప్ఫై ఎనిమిది పరిశోధనా వ్యాసాలు అచ్చేయించారు. అంటే పది రోజులకొకటి. "శ్రీకాకుళం జిల్లాలో మహిళా సాధికారత", "విజయనగరం జిల్లాలో మహిళా సాధికారత"... లోపల జిల్లా పేరు తప్ప ఒక్క వాక్యం మారదు. పార్వతీపురాన్ని వేరే జిల్లా చేసిన నెలలోనే ఆయనకి ఇంకో వ్యాసం పుట్టింది. మా పాయింట్ల కమిటీకి ఈయనే కన్వీనర్. ఎవరి పరిశోధన ఎంత బరువుందో తూచి, ఎవరికి ప్రమోషన్ ఇవ్వొచ్చో చెప్పేది ఈయనే. తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండిపోతుంది.

నా పేరు అనూరాధ. విజయనగరంలో సోషియాలజీ చెబుతాను. పదహారేళ్లుగా అసిస్టెంట్ ప్రొఫెసర్నే. పై మెట్టు ఎక్కాలంటే నూట ఇరవై పాయింట్లు కావాలి. నాకు నూట పన్నెండు ఉన్నాయి. మిగతా ఎనిమిదీ ఒక్క మంచి వ్యాసంతో వస్తాయి. ఆ మంచి వ్యాసం నా దగ్గరుంది. గొడవంతా దానితోనే.

భోగాపురం అవతల ఒక చేపలరేవులో ఐదేళ్లు పనిచేశాను. మొదటి మూడేళ్లూ ఫారాలు పట్టుకుని తిరిగాను. ఎన్ని కిలోలు పడ్డాయి, ఎవరు పట్టారు, ఎంతకి పాడారు అని అడిగేదాన్ని. మగవాళ్లు చెప్పేవారు, నేను కూడేదాన్ని. ఒకరోజు వేలంపాట అయ్యాక ఇసుకలో కూర్చుని రాసుకుంటుంటే తాయారు వచ్చి నిలబడింది. అరవై ఏళ్ల మనిషి, చేపలమ్ముతుంది.

"ఏటమ్మా, మూడేళ్లబట్టి అదే రాస్తన్నావు. నువ్వు రాసీది అమ్మిన సేప. తిన్న సేప ఎవులు రాస్తారు?" అంది.

అప్పుడు తెలిసింది. వల ఒడ్డుకి రాగానే, పాట మొదలవకముందే, ఆడవాళ్లు కూరకని కొన్ని చేపలు పక్కకి తీసేస్తారు. తమ ఇంటికి కొన్ని, మొగుడు పోయిన ఇంటికి కొన్ని, వల కుట్టే ముసలాయనకి కొన్ని, జ్వరమొచ్చి పడవెక్కని వాడి ఇంటికి కొన్ని. వాటిని ఎవరూ తూచరు, ఎక్కడా రాయరు. నేను రోజూ పాట పాడేవాళ్లతో కలిసి వచ్చేదాన్ని కాబట్టి ఒక్కసారీ చూడలేదు. మూడేళ్ల నా ఫారాలు పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరావు.

తర్వాత రెండేళ్లు తాయారే చూసింది. తెల్లారకముందే రేవులో నిలబడి, ఏ ఇంటికి ఎన్ని వెళ్లాయో బుర్రలో పెట్టుకుని, మధ్యాహ్నం నాకు చెప్పేది. చేప అంతంతమాత్రంగా పడే నెలల్లో ఆ ఊరి కడుపు నింపింది ఆ కూర చేపలేనని లెక్క తేలింది. అది ఏ ఆఫీసు లెక్కలోనూ లేదు.

దాన్ని తెలుగులో పుస్తకం వేశాను. స్థానిక భాష కాబట్టి పాయింట్లు లేవన్నారు. విశాఖపట్నంలో ఒక సెమినార్లో చెబితే జర్మనీ నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ ఒకావిడ విని, వాళ్ల పత్రికకి అడిగింది. నేను ఇంగ్లీషులో రాసిస్తే తనే జర్మన్‌లోకి మార్చింది. పత్రిక వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, ఈ లెక్క కళ్లారా చూసిందెవరు అని. చెప్పాను. అయితే ఆవిడా రచయితే కదా అన్నారు. నాకు సిగ్గేసింది. నేను తాయారు పేరు చివర కృతజ్ఞతల్లో మాత్రమే పెట్టాను. వాళ్ల పుణ్యాన వ్యాసం రెండు పేర్లతో అచ్చయింది.

రమేష్‌బాబు గారు ఆ పత్రిక పేరు కంప్యూటర్లో కొట్టి చూసి పెదవి విరిచారు. "పాయింట్లిచ్చే పత్రికల లిస్టులో లేదు మేడమ్. జర్మన్‌లో ఉంది. ఎవరు చదువుతారు చెప్పండి."

జర్మన్‌లో జర్మన్లు చదువుతారని చెప్పాను. ఆయన నవ్వారు. ఆ సంగతి జర్మనీ ఆవిడకి రాస్తే, "మా దగ్గరా ఇదే గోల. సొంత భాషలో సమాజం గురించి రాస్తే మా డీన్‌కి కనబడదు. ఇంగ్లీషులో రాస్తేనే లెక్క" అని జవాబొచ్చింది. అంత దూరంలోనూ రమేష్‌బాబులు ఉన్నారని తెలిసి నా కోపం రెట్టింపయింది.

వారం తర్వాత ఆయనే ఒక దారి చూపించారు. వ్యాసాన్ని ఇంగ్లీషులో, లిస్టులో ఉన్న పత్రికలో వేయిస్తారట. కాలేజీ, డిగ్రీ ఏమీ లేని మనిషి పేరు ఆ పత్రిక వాళ్లు ఒప్పుకోరట. కాబట్టి తాయారు పేరు తీసేసి ఆయనదీ, ప్రిన్సిపాల్ నారాయణమూర్తి గారిదీ పెట్టాలి. పేరు తీసేయడానికి అభ్యంతరం లేదని ఆవిడ సంతకం కావాలి. శుక్రవారం ప్రమోషన్ ఇంటర్వ్యూకి ఆ ఫారం తెస్తే ఎనిమిది పాయింట్లూ వేసేస్తారు.

ఆ ఫారం ఆయన మొహాన కొట్టాల్సింది. కొట్టలేదు. మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

నేను వెళ్లేసరికి తాయారు ఇంటి ముందు పాత వల మీద నెత్తళ్లు ఎండబెడుతోంది. ఫారం చూసి, "ఏటిది?" అంది. చెప్పాను.

"నా పేరు తీసి ఎవుల పేరెడతారు?"

"మా ప్రిన్సిపాల్‌ది. రమేష్‌బాబు గారని ఇంకొకాయనది."

"ఆలెప్పుడొచ్చారు మా రేవుకి?"

"రాలేదు, తాయారప్పా."

చేపలు తిరగేస్తున్న చెయ్యి ఆగింది. "ఇందులో సంతకం ఎట్టకపోతే నీ ఉద్యోగం పోతాదా?"

"పోదు. పై ఉద్యోగం రాదు."

"పోదా!" ఆవిడ దిగ్గున లేచింది. "పోతాదంటే కళ్లు మూసుకుని ఎట్టీదాన్ని. రానిదాని కోసం నా పేరు కొట్టేమంతావా? రెండేళ్లు సలిలో, వానలో నిలబడ్డాను. రేషన్ కార్డులో పేరు కొట్టీది మనిషి సచ్చిపోతేనే. నాను సావనేదు. ఆల కాయితం నువ్వు మోసుకొచ్చావేటి? సిగ్గునేదేటి నీకు?"

పక్కిళ్ల వాళ్లు బయటికొచ్చి చూస్తున్నారు. ఫారం తీసుకుని వెనుదిరిగాను. దారంతా రమేష్‌బాబుని తిట్టుకుంటూ వెళ్లినదాన్ని, తిరిగొచ్చేటప్పుడు నన్ను నేనే తిట్టుకున్నాను. నా కష్టాన్ని లెక్కలోంచి తీసేశారని ఏడుస్తూ, ఆవిడ కష్టాన్ని తీసేయడానికి నేనే బస్సెక్కాను.

శుక్రవారం ముగ్గురు కూర్చున్నారు. ప్రిన్సిపాల్, రమేష్‌బాబు, బయటి నుంచి వచ్చిన ఒక పెద్దాయన.

"ఫారం తెచ్చారా మేడమ్?" అన్నారు రమేష్‌బాబు.

ఆవిడ సంతకం పెట్టలేదండీ అని చెప్పి తప్పించుకోవచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "లేదు. నేను అడగడమే తప్పు. ఆ పేరు ఉంటుంది" అన్నాను.

పెద్దాయన జర్మన్ పత్రిక తిరగేసి, "ఈ రెండో రచయితది ఏ యూనివర్సిటీ?" అన్నారు.

"చేపలమ్ముతారు."

రమేష్‌బాబు కిసుక్కున నవ్వారు. అంతే, నాకు ఎక్కడ లేని కోపం తన్నుకొచ్చింది. "పాయింట్లెన్ని, పేర్లెన్ని, లిస్టులో ఉందా లేదా అని పావుగంట నుంచి అడుగుతున్నారు. ఇందులో ఏముందని మీలో ఒక్కరైనా అడిగారా? ఒక ఊరు ఏం తిని బతికిందో ఇందులో ఉంది. మీ ముప్ఫై ఎనిమిదింట్లో ఏముందండీ, రమేష్‌బాబు గారూ?"

"మేడమ్, ఎమోషనల్ అవకండి" అన్నారు నారాయణమూర్తి గారు గడియారం చూసుకుంటూ. తర్వాతి మనిషిని పిలిచారు.

సోమవారం ఫలితాలు పెట్టారు. నాకు రాలేదు. ఆ సాయంత్రం తాయారు ఫోన్ చేసింది. ఆవిడ మళ్లీ నాతో మాట్లాడుతుందని నేననుకోలేదు.

"వచ్చిందేటి?"

"రాలేదప్పా."

"మన రాతకి ఎంతేశారు?"

"సున్నా."

"ఎవులికి?"

"ఎవరికేంటి, మనిద్దరికీ కలిపే."

"కలిపెందుకేస్తారు?" తాయారు గొంతు లేచింది. "సెరో సున్నా ఎయ్యమను. నా పేరు రాసి, నా సున్నా నాకెయ్యమను."

నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఫలితాల కాగితం తీసి మళ్లీ చూశాను. నా వ్యాసం వరసలో, సహరచయిత అన్న గడిలో పేరు లేదు. చిన్న గీత ఉంది.

ఆ రాత్రే అప్పీలు రాశాను. పాయింట్లు పెంచమని అడగలేదు. గీత ఉన్న చోట తాయారు పేరు పూర్తిగా రాసి, ఎదురుగా ఆవిడ సున్నా ఆవిడకి వేయవలసిందిగా కోరాను. రూలు ప్రకారం, అప్పీలు ఒప్పుకున్నా తోసిపుచ్చినా, నెలలోగా కన్వీనర్ స్వయంగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ జవాబులో ఆ పేరు రాయక రమేష్‌బాబుకి గతి లేదు.