పోలమ్మ మోచేతిలో నేను

నేను ఒక స్టీలు ప్లేటును. విరిగిన ఎముకలను పట్టి ఉంచడం నా పని. నన్ను కొలిమిలో కాల్చారు, అచ్చులో పెట్టి గుద్దారు, ఒళ్లంతా తూట్లు పొడిచారు. ఇంతకు మించిన దెబ్బలు లోకంలో ఉండవనుకున్నాను. మనుషుల సంసారాలు చూడకముందు మాట అది.

నన్ను బిగించింది పోలమ్మ కుడి మోచేతిలో. విశాఖ రేవులో చేపల గంప నెత్తికెత్తుకునే మనిషి. మొగుడు ఎల్లాజీ పడవ తెడ్డు తీసి తల పగలగొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. మోచేతి ఎముక ముక్కలైంది. డాక్టరుగారు కండ చీల్చి, ముక్కలు చేర్చి, డ్రిల్లుతో తొలిచి నన్ను మరలతో బిగించారు. బాగుచెయ్యడానికి కూడా ఇంత రక్తం కావాలా అనుకున్నాను.

కుట్లు విప్పే రోజున డాక్టరుగారు అడిగారు, "అసలు ఎలా విరిగిందమ్మా?"

ఎల్లాజీయే అందుకున్నాడు. "కుళాయికాడ జారి పడిపోనాది బాబూ."

పోలమ్మ గోడకేసి చూసింది.

"చెయ్యి ఆమే మెల్లగా వంచుకోవాలి. ఎవరూ పట్టి లాగకూడదు, నువ్వే చూసుకో," అని డాక్టరుగారు అతనికే అప్పజెప్పారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అయింది.

పోలమ్మ మొండిది. పళ్లు బిగబట్టి రోజూ వంచేది. వేళ్లు ముందు రొమ్ము దాకా, తర్వాత గడ్డం దాకా వచ్చాయి. ఒక మధ్యాహ్నం పులుసన్నం ముద్ద తన చేత్తోనే నోట్లో పెట్టుకుంది. అంతవరకూ పక్కింటావిడ తినిపించేది. ఏడుస్తూనే కంచం ఖాళీ చేసింది. నాకూ గర్వమనిపించింది, అబద్ధమెందుకు?

ఆ సాయంత్రమే ఎల్లాజీ తాగి వచ్చాడు. "ముద్ద మింగడానికి వంగింది గానీ, గంప ఎత్తడానికి వంగదేటే?" అంటూ ఆమెను కింద పడేసి, చెయ్యి మడిచి, మోకాలు వేసి నొక్కాడు. మరలు ఎముకను చీల్చుకుని ఊడొచ్చాయి. నేను నడుమ వంగిపోయాను. పోలమ్మ కేకకు వీధి వీధంతా వచ్చి నిలబడింది. నిలబడింది, అంతే.

మళ్లీ అదే ఆస్పత్రి. ఎల్లాజీ మళ్లీ కుళాయి కథ ఎత్తుకున్నాడు.

"నాను జారనేదు బాబూ," అంది పోలమ్మ. గొంతు పెంచలేదు. "ఈడే ఇరగ్గొట్టినాడు. అప్పుడూ ఈడే, ఇప్పుడూ ఈడే."

నన్ను పీకి, కడిగి, డబ్బాలో పెట్టి లక్క ముద్ర వేసి పోలీసులకిచ్చారు. ఆమె చేతిలోకి వేరే ప్లేటు వెళ్లింది. నేనిప్పుడు కోర్టు బీరువాలో కత్తులూ కర్రల మధ్య పడి ఉంటున్నాను.

మొన్న నన్ను జడ్జిగారి బల్ల మీద పెట్టారు. పడినా ప్లేటు వంగుతుందని ఎల్లాజీ లాయరు చాలాసేపు వాదించాడు. జడ్జిగారు విని, కొట్టినవాడెవరో చూపించమ్మా అన్నారు. పోలమ్మ కుడిచెయ్యే ఎత్తింది. ఆ మోచెయ్యి ఇక పూర్తిగా చాపడానికి రాదు. సగం వంగిన చేత్తోనే ఎల్లాజీని చూపించి, అతను తల దించేవరకూ ఆ చెయ్యి దించలేదు.