చిన్నదాని చలి

పొద్దున్నే మైనం బాన పొయ్యెక్కగానే ఆ ఇంట్లో వినిపించే మొదటి మాట, "చిన్నది లేచిందా?" అని. అడిగేది నాన్న. కూతురి మీద ముద్దుకొద్దీ కాదు. బల్లల మీద అచ్చులు పేర్చి, ఒత్తులు బిగించి, మైనం పోసే వేళకి ఆమె ఆ గదిలో ఉండాలి. ఆమె స్టూలు ఎప్పుడూ బల్లల మధ్యే వేసి ఉంటుంది.

చిన్నదానికి విసుగొస్తే గది చల్లబడుతుంది. పుట్టినప్పటి నుంచీ అంతే. కొందరు నిద్రలో మాట్లాడతారు, కొందరికి అరచేతుల్లో చెమట పడుతుంది, ఈ పిల్లకి ఇది. పాలు ఆలస్యమైతే ఉయ్యాల గొలుసులకి మంచు పట్టేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎండాకాలంలో చుట్టాలు వచ్చి, "ఏమ్మా, ఇంకా ఏ పనీ దొరకలేదా?" అని పనిగట్టుకుని అడిగి, పక్కనే చాప పరుచుకుని హాయిగా ఓ కునుకు తీసి వెళ్ళేవాళ్ళు.

కొవ్వొత్తులు పోసే ఇంట్లో అలాంటి పిల్ల పుట్టడం అదృష్టమే. మామూలుగా మైనం గట్టిపడి అచ్చు వదలాలంటే పొద్దు వాలాలి. చిన్నది మొహం ముడుచుకుని కూర్చుంటే టీ తాగి వచ్చేసరికి అయిపోతుంది. ఒకటే చిక్కు. కొవ్వొత్తులు పగిలేవి. సన్నటి గీతలు, పైనుంచి కింది దాకా. దుకాణాలవాళ్ళు వెనక్కి పంపినప్పుడల్లా నాన్న మైనం అమ్మేవాణ్ణి తిట్టేవాడు, అన్నయ్య ఒత్తుల దారాన్ని తిట్టేవాడు.

చిన్నదానికి కావలసింది కొవ్వొత్తులు కాదు, సబ్బు. వీధి చివర సబ్బుల కార్ఖానా ఉంది. దాని గోడ పక్కన నిలబడి వాసన పీల్చి, దొరికిన పుస్తకమల్లా చదివి, చేతులు కాల్చుకుని, ఆ పని తనంతట తనే నేర్చుకుంది. మైనం ఎన్నిసార్లు కరిగినా, ఎన్నిసార్లు గడ్డకట్టినా మైనమే. ఈ ఇంట్లో రోజుల్లాగే. నూనె అలా కాదు. కాస్టిక్ సోడా నీళ్ళతో కలిసి ఒక్కసారి సబ్బయిందంటే ఇక మళ్ళీ నూనె కాలేదు. ఆ వెనక్కి రాకపోవడమే ఆమెకి నచ్చింది.

కార్ఖానా నడిపే ఆవిడని అందరూ సబ్బుల మేడమ్ అంటారు. మాట పొదుపు మనిషి. "నా దగ్గర ఒక చోటు ఖాళీ ఉంది," అంది చిన్నదానితో. "నువ్వు చేసిన సబ్బు ఒకటి పట్టుకురా. పూర్తిగా ఆరక్కర్లేదు, కోస్తే నూనె కారకపోతే చాలు. శనివారం దాకా చూస్తాను. ఆ తర్వాత ఇంకొకర్ని పెట్టుకుంటాను."

సబ్బుకి వెచ్చదనం కావాలి. అక్కడే వచ్చింది తంటా. చిన్నది కొబ్బరినూనె కాచేది. సోడా నీళ్ళలో వేసేది. మంట లేకుండానే ఆ నీళ్ళు వాటంతటవే కాగిపోయేవి. రెండూ కలిపి తిప్పడం మొదలుపెట్టేది. సరిగ్గా అప్పుడే అన్నయ్య, "నీ మొహం, నువ్వు తిప్పితే సబ్బవుతుందా? గిన్నె పాడు," అనేవాడు. ఇంకేముంది, గిన్నె అంచుల్లో నూనె తెల్లగా పేరుకునేది. నీళ్ళు వేరు, నూనె వేరు. అది చూసి ఆమెకి మరింత విసుగు, గదికి మరింత చలి. వంటింట్లో చేసినా, పెరట్లో చేసినా చలి ఆమె వెంటే వచ్చేది. ఏడిస్తే కన్నీళ్ళు చెంపల మీదే గడ్డకట్టి గీసుకుంటాయని ఏడవడం కూడా మానేసింది.

"నాన్నా, సబ్బుల కార్ఖానాలో పనికి వెళ్తాను," అని గురువారం మళ్ళీ అడిగింది.

నాన్న మైనం గరిటె దించకుండానే, "చూద్దాంలే," అన్నాడు.

"ఎప్పుడూ అదే మాట. ఎప్పుడు చూస్తావు?"

"చూద్దాం అన్నానుగా."

బల్లల మీద మైనం టకటకమని బిగుసుకుంది. అన్నయ్య అచ్చులు విప్పడం మొదలుపెట్టాడు. గోడవారన పెట్టిన ఆమె గిన్నెలో నూనె రాయి అయింది.

శుక్రవారం పొద్దున పెద్ద బేరం. సాయంత్రానికి గంపల నిండా కొవ్వొత్తులు పంపాలి. మైనం పోసేశారు. చిన్నది మూలన కూర్చుని ఆఖరిసారి గిన్నెలో నూనె కాచుకుంటోంది. వదిన వచ్చి ఎదురుగా నిలబడింది. ఏదో అనబోయింది, మానేసింది. కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"ఏంటి వదినా?"

"ఏం లేదే. ఇవాళ నా వంతు. ఏమనాలో తోచి చావట్లేదు."

"దేనికి వంతు?"

"నిన్ను విసిగించడానికి." వదిన గొంతు తగ్గించింది. "నిన్న మావయ్యది, మొన్న మీ అన్నయ్యది. నీ చెప్పు ఒకటి దాచాను, నువ్వు చూసుకోనే లేదు. నువ్వే ఏదో ఒకటి తలుచుకుని కాస్త విసుక్కోరాదూ, పుణ్యముంటుంది."

చిన్నది తిప్పడం ఆపింది. "మరి నాన్న చూద్దాంలే అనేది?"

"మావయ్యకి అదొక్కటే వచ్చు. పనిచేస్తోంది కదా అని మార్చలేదు."

అంతవరకూ చిన్నది ఏమనుకుందంటే, 'చూద్దాంలే' అన్నాక ఆయన లోపల నిజంగానే ఏదో చూస్తున్నాడని. అటు ఇటు ఆలోచించి, ఏదో ఒకరోజు తేల్చి చెబుతాడని. ఆ మాట కోసమే స్టూలు మీద ఇన్నాళ్ళు కూర్చుంది. అక్కడ ఆలోచనే లేదంటే, ఇక ఎదురుచూడ్డానికి ఏముంది?

"చెప్పు ఎక్కడుంది?" అని అడిగింది.

"బియ్యం డబ్బా వెనక."

వెళ్ళి తెచ్చుకుని, తొడుక్కుని, వచ్చి సోడా నీళ్ళు నూనెలో పోసి తిప్పడం మొదలుపెట్టింది.

కాసేపటికి అన్నయ్య అచ్చు వంచి చూశాడు. మైనం జారింది. "ఏంటిది, ఇంకా పాకంలాగే ఉంది? ఏయ్, నీ మొహానికి సబ్బు కూడానా?"

"ఊఁ," అంది చిన్నది, తిప్పుతూ.

"నిన్నెవరు చేసుకుంటారే?"

"ఏమో అన్నయ్యా. ఆ గుడ్డ ఇలా అందుకో."

అన్నయ్య గుడ్డ అందించి బిత్తరపోయాడు. ఆమె పాత సంగతులన్నీ తవ్వాడు. తప్పిన పరీక్ష, పగలగొట్టిన అద్దం, అందరి ముందూ పాడబోయి మరిచిపోయిన పాట. నాన్న వచ్చి వరసగా, "చూద్దాంలే. చూద్దాంలేమ్మా. చూద్దామన్నానా?" అన్నాడు, ఆమె ఏమీ అడగకుండానే. గదిలో ఉక్కపోత పెరిగింది. నాన్న చొక్కా వీపుకి అంటుకుపోయింది. గిన్నెలో మిశ్రమం మాత్రం నిదానంగా చిక్కబడింది. గరిటె ఎత్తి ధార వదిలితే పైన గీత నిలిచింది. చిన్నది దాన్ని చెక్కపెట్టెలో పోసి, దుప్పటి చుట్టి, ఒళ్ళో పెట్టుకుంది.

నాన్న ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఈసారి వంతు మాట కాదు. "నువ్వెళ్ళిపోతే మేమేమైపోవాలే?"

చిన్నదాని కాలి వేళ్ళ దగ్గర సన్నగా చలి కదిలింది. దుప్పటి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. లోపల సబ్బు తనంతట తనే వేడెక్కుతోంది.

"ఏమో నాన్నా," అంది. "చూద్దాంలే."

ఎగతాళిగా అనలేదు. ఆమెకి నిజంగానే తెలియదు.

ఆ సాయంత్రం బేరం తప్పింది. పొద్దు వాలాక మైనం దానంతట అదే గట్టిపడింది. అన్నయ్య చిరాకుగా ఒక అచ్చు విప్పి, కొవ్వొత్తిని దీపం దగ్గర తిప్పి చూశాడు. ఇంకోటి విప్పాడు. ఇంకోటి. ఒక్కదానికీ పగులు లేదు. నాన్న చేతికిచ్చాడు. నాన్న గోటితో పైనుంచి కింది దాకా గీసి చూసి, మైనం అమ్మేవాణ్ణి ఒక్క మాటా అనకుండా దాన్ని బల్ల మీద పెట్టాడు.

శనివారం సబ్బుల మేడమ్ కత్తితో ముక్క కోసింది. నూనె కారలేదు. వేలితో నొక్కి, "ఇంకా వెచ్చగానే ఉందే," అంది. తర్వాత, "సోమవారం పొద్దున్నే రా."

సోమవారం మైనం బాన పొయ్యెక్కగానే నాన్న అలవాటుగా, "చిన్నది లేచిందా?" అన్నాడు.

"ఎప్పుడో వెళ్ళిపోయింది మావయ్యా," అని వదిన కిటికీ రెక్కలు బార్లా తీసింది.

నాన్న మైనం పోసి, బల్లల మధ్య ఉన్న స్టూలు మీద తనే కూర్చున్నాడు. టీ వచ్చింది, అయిపోయింది. అచ్చు ముట్టుకుంటే ఇంకా మెత్తగానే ఉంది. ఇంకాసేపు చూశాడు. ఆయనకి విసుగొచ్చింది, చాలా విసుగొచ్చింది. గదిలో ఏదీ చల్లబడలేదు.