గుంతకు నీళ్లు

రెండో బకెట్టు కూడా పోసి, నీళ్లు ఇంకేదాకా రసూల్‌బీ అక్కడే నిలబడింది. ఆత్మకూరు పాల డెయిరీ ఆఫీసు వెనక, గోడ వారగా ఉన్న ఎర్తింగ్ గుంత అది. బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన ఆ గుంత తడిగా ఉంటేనే కరెంటు మనిషిని వదిలి నేలలోకి పోతుందని ఎలక్ట్రీషియన్ ఒకప్పుడు చెప్పాడు. గుంత ఎండిపోయిన ఒకనాడు కంప్యూటరు డబ్బా తుడుస్తుంటే ఆమె వేళ్లు జివ్వుమన్నాయి. అప్పటినుంచి చీపురు పట్టడానికి ముందే బకెట్టు పడుతుంది.

పగిలిన మడమలు, వదులైన జాకెట్టు, చెంపల మీదికి లాక్కున్న కొంగు. బస్సు మలుపు తిరిగితే బోల్తా పడుతుందనీ, వేళకాని వేళ ఫోను మోగితే చావు కబురేననీ అనుకునే మనిషి. అనుకోక ఏం చేస్తుంది? భర్త బోరు మోటార్లు బాగుచేసేవాడు. సీతారామపురం దగ్గర ఒక చేలో స్టార్టరు డబ్బా మీద వేసిన చెయ్యి మళ్లీ తీయలేదు. అప్పటికి షఫీక్ చంకలో పిల్లాడు. ఆ షఫీకే ఇప్పుడు ఈ ఆఫీసులో కంప్యూటర్లు చూస్తున్నాడు.

లోపల యజమాని మాలకొండయ్య గొంతు వినిపిస్తోంది. పాలు పోసే రైతుల లెక్కలన్నీ దాచే సర్వరు పాతబడింది. కొత్తది తేవాలి.

"డిస్కులు రెండెందుకురా షఫీకూ? ఒంటిగా ఉంటే దయ్యాలకు భయపడతాదా?"

"ఒకటి చచ్చినా రెండోదాంట్లో లెక్కలు ఉంటాయి సార్. పోయినసారి అన్నీ పోయి, రైతులు నా చొక్కా పట్టుకున్నారు."

"సరే. రెండో డిస్కు కావాల్నా, కొత్త ఎర్తింగు కావాల్నా? రెండూ నావల్ల కాదు. నువ్వే చెప్పు."

గుమ్మం దగ్గర రసూల్‌బీ చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది.

"డిస్కే సార్."

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతూ కొడుకుని పట్టుకుంది.

"బేటా, లెక్కలు పోతే తిడతారు. కరెంటు తిట్టదురా. ముందు ఎర్తింగు చేయించమని చెప్పు. మీ అబ్బా చెయ్యి నేను చూసినాను."

"దోమ కుట్టినా ఏఎస్ పేట దర్గాకు మొక్కుకునే రకం నువ్వు. ఆ గుంతకేమైంది అమ్మీ? నువ్వుండావు గదా నీళ్లు పోయను."

"నేను పోతే?"

"పోయేదానివి ఇన్ని మాటలు మాట్లాడతావా? ఇంకో ముద్ద తిను."

ఆమె నవ్వలేదు. పొద్దుటినుంచి ఎడమ భుజం లోపల ఏదో లాగుతోంది. చెబితే వాడు బెదిరిపోతాడని చెప్పలేదు. ఆ ఇంట్లో భయాలన్నీ ఆమెవే, ఇంకొకరికి పంచేవి కావు.

సాయంత్రం వెళ్లేముందు, ఎన్నడూ లేనిది, మూడో బకెట్టు కూడా పోసింది. పాత లెక్కలు కాపీ చేసే పని మిగిలి షఫీక్ ఉండిపోయాడు. ఉదయగిరి బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని, మలుపు రాగానే అలవాటుగా కళ్లు గట్టిగా మూసుకుంది.

బస్టాండులో అందరూ దిగాక కండక్టరు సీటు మీద తట్టాడు. "అమ్మా, ఊరొచ్చింది, దిగు."

ఆమె కళ్లు తెరవలేదు.

అమ్మ సమాధి దగ్గర మూడోనాటి జియారత్ ప్రార్థనలు అయ్యాక షఫీక్ పనిలోకి వచ్చాడు. కొత్త సర్వరు వచ్చి ఉంది, ఇనుప డబ్బాలో రెండు డిస్కులూ పక్కపక్కన. లోపలికి దుమ్ము రాకూడదని చెప్పులు గుమ్మం బయట విడిచాడు. ముఖం కడుక్కున్న చేతులు ప్యాంటుకు తుడుచుకుని స్విచ్చి వేశాడు. డబ్బా మీద చెయ్యి ఆనించబోతూ, దేనికో ఒకసారి వెనక కిటికీ వైపు చూశాడు.

ఎండకు గుంత మట్టి బీటలు వారింది. దాని పక్కన, ఆమె బోర్లించినట్టే, ఆకుపచ్చ బకెట్టు.