ఎటూ ఒరగని రేవు

యుద్ధంలో గెలవడం ఏం గొప్ప? సైన్యం ఉంటే ఎవడైనా గెలుస్తాడు. సైన్యమే లేని బుల్లి దేశం ఇద్దరు మొండిఘటాల మధ్య ఎటూ ఒరగకుండా నిలబడాలి, అప్పుడు తెలుస్తుంది తస్సాదియ్యా! జర్మనీలోని బ్రెమెన్‌లో అంతర్జాతీయ సంబంధాలు చదువుతున్న జనగామ పిల్ల సహస్రకి ప్రొఫెసర్ హాన్సెన్ అప్పజెప్పింది సరిగ్గా ఆ పనే.

అది క్లాసులో ఆడే ఆట. రెండు రోజులు ఆడాలి, గడియారంలో గంట గడిస్తే ఆటలో ఒక రోజు లెక్క. ఉత్తర దేశానికి నాయకురాలు ఈషా, దక్షిణ దేశానికి యోనాస్ అనే హాంబర్గ్ కుర్రాడు. మధ్యలో సముద్రం ఒడ్డున వెల్మార్ అనే చిన్న దేశం, దానికి సహస్ర ఒక్కతే రాణి, మంత్రి, జవాను. యుద్ధ ఓడ ఎవరిదైనా సరే, వెల్మార్ రేవులో ఒక్క రోజుకు మించి ఆగకూడదు. ఆట చివర రెండు దేశాలూ చెరో చీటీ రాయాలి, వెల్మార్ ఎటూ ఒరగలేదని. రెండు చీటీల్లోనూ ఆ మాట ఉంటేనే సహస్ర పాస్.

ఆటే కదా అని తీసిపారేయకండి. ఈ పరీక్ష ఆమె ఇప్పటికే రెండుసార్లు తప్పింది. జర్మనీలో మూడోసారి తప్పితే కోర్సులోంచే పేరు కొట్టేస్తారు. కోర్సు పోతే వీసా కూడా పోతుంది. అందుకే ఆ పిల్ల వారం రోజులుగా నిద్రలో కూడా ఓడలు లెక్కపెడుతోంది.

మొదటి రోజు మధ్యాహ్నం కాఫీ మెషిన్ దగ్గర ఈషా పట్టుకుంది. ఈషాది భీమవరం, రెండేళ్ళు పెద్ద. సహస్ర దిగిన రోజు సామాను మోసింది, అన్మెల్డుంగ్ అనే అడ్రసు నమోదుకి ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, పట్టింది, రూము దొరికేదాకా నెలన్నర పాటు తన మంచం ఇచ్చి తను నేల మీద పడుకుంది. అంతటి మనిషి.

"ఒసేయ్, మా ఓడలు రెండు దెబ్బతిన్నాయే. మూడు రోజులు నీ రేవులో ఉంచుకో. యోనాస్‌కి చెప్పక్కర్లేదు."

"రూల్ ఒక్క రోజే కదక్కా..."

"నాకు కూడా రూల్సేంటే?"

ఇంకేముంది! మన మొహమాటం మనల్ని ముంచకుండా ఎప్పుడు వదిలింది గనక? "సరే అక్కా" అనేసింది.

రెండు గంటలు గడిచి, ఆ రోజుకి ఆట ఆగే వేళకి యోనాస్ గోడమీది పటంలో ఆ ఓడలు చూశాడు. మొహం ఎర్రబడింది. "వెల్మార్ ఇక నాకు శత్రుదేశం. రేపు పదింటికి మా సైన్యం దిగుతుంది" అన్నాడు. ప్రొఫెసర్ కాగితం మీద ఏదో రాసుకుంది.

మర్నాడు పొద్దున ట్రామ్‌లో, కిటికీ మీద వాన కారుతుంటే, ఆమెకు అమ్మమ్మ శారదాదేవి గుర్తొచ్చింది. తనకి పన్నెండేళ్ళప్పుడు ఓ పెళ్ళిలో బూరెల గిన్నె పట్టుకుని వడ్డిస్తూ, సొంత మేనమామ విస్తట్లో మాత్రం రెండు వేసింది. అమ్మమ్మ జబ్బ పట్టుకుంది. "పంక్తిల వలపక్షమేందే! ఏసింది ఎట్లా తీస్తం? పో, మొదటి ఇస్తారి కాడి నుంచి మిగిలినోళ్ళందరికీ ఇంకోటెయ్." నలభై విస్తళ్ళు. నడుం పడిపోయింది. కానీ ఆ పంక్తిలో ఒక్కరూ మాట అనలేదు.

పదింటికి సహస్ర లేచి నిలబడింది. "తప్పు నాదే. ఉత్తరానికి రహస్యంగా మూడు రోజులిచ్చాను. అందులో రెండు అయిపోయాయి, ఒకటి మిగిలింది. దక్షిణానికి కూడా ఇప్పట్నుంచి మూడు రోజులు. గడువు దాటితే ఎవరి ఓడైనా సరే, యుద్ధం ముగిసేదాకా మా రేవులో బందీయే."

యోనాస్ గోడమీది పటం దగ్గరికి వెళ్ళాడు. "గడువు ఇద్దరికీ ఒకేలా వర్తిస్తుందా, చూస్తాను" అని సైన్యాన్ని ఆపి, తన ఓడలు రెండు రేవులోకి పంపాడు.

పదకొండుకి అయిదు నిమిషాలుండగా ఈషా వచ్చి పక్కన కూర్చుంది. "ఇంకొక్క గంట ఇవ్వవే. ఇప్పుడు బయటికెళ్తే వాడు మా ఓడల్ని ముంచేస్తాడు."

"లేదక్కా."

ఈషా నమ్మలేనట్టు చూసింది. "నెలన్నర నేల మీద పడుకున్నానే నీకోసం!"

ఆ మాట గుండెలో గుచ్చుకుంది. సహస్ర కళ్ళు నిండాయి. "మర్చిపోతనా అక్కా? బతికినంత కాలం యాదికుంటది. కానీ అది నాకు చేసినవ్. రేవు నాది కాదక్కా, వెల్మార్‌ది. నీకు ఇంకో గంట ఇస్తే నా దేశమే మునుగుతది."

ఈషా లేచి వెళ్ళిపోయింది. పదకొండు కొట్టగానే సహస్ర తన చేత్తోనే ఉత్తరం ఓడలు రెంటికీ బందీ అని ఎర్ర కాగితం అంటించింది. అంత కష్టమైన పని తన జన్మలో చేయలేదు. యోనాస్ మాత్రం ఒంటిగంటకి ఇంకా రెండు నిమిషాలుండగానే తన ఓడలు తీసుకుపోయాడు, జర్మన్ కుర్రాడు కదా!

రెండింటికి ఆట ముగిసింది. ప్రొఫెసర్ చీటీలు అడిగింది. యోనాస్ గీకి పడేశాడు. ఈషా మాత్రం కలం పట్టుకుని కూర్చునే ఉంది. రాయకపోయినా తప్పు కాదు, ఓడలు పోగొట్టుకుంది తనే. సహస్ర బల్ల కింద వేళ్ళు నలుపుకుంటూ, ఇంటికి టికెట్ ఎప్పుడు కొనాలా అనుకుంది. చివరికి ఈషా రెండు ముక్కలు రాసి, చీటీ మడవకుండానే ఇచ్చేసింది.

ప్రొఫెసర్ మొదటి చీటీ చదివింది. "దక్షిణం: మొదట ఒరిగింది, ఒప్పుకుంది, సరిదిద్దుకుంది. చివరికి ఎటూ ఒరగలేదు." రెండోది అందుకుని కళ్ళజోడు సవరించుకుంది. "ఉత్తరం: ఎటూ ఒరగలేదు. కింద మీ భాషలో ఇంకేదో ఉంది, నాకు అర్థం కాలేదు. అయినా ఇది చాలు. పాస్."

సహస్ర ఆ చీటీ అడిగి తీసుకుంది. తెలుగులో, ఈషా కోడిగీతల్లో ఉంది: "నా వైపు కూడా ఒరగలేదు, రాక్షసి!"

తలెత్తి చూస్తే ఈషా తలుపు దగ్గర, తన కోటూ సహస్ర కోటూ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.