వల కుట్టులో మిగిలినవి

ఆఫీసులో అందరూ ఆమెను పురుగులక్క అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆమె పలుకుతుంది కూడా. మూతపడిన గని పక్కన పారే వాగులో రాళ్ళు కదిలించి, వలలో పడ్డ పురుగుల్ని తెల్లటి పళ్ళెంలో పోసి చూడటం ఆమె ఉద్యోగం. వాటిలో మూడు తోకల బుల్లి పురుగు ఒకటుంది. మహా సుకుమారి. గని మురికి కాస్త తగిలినా బతకదు. అది దొరికిందంటే ఆ నీళ్ళు మంచివని లెక్క.

నిరుడు గని దిగువన నాలుగు దొరికాయి. నీళ్ళు బాగుపడ్డాయని ఆమె సంతోషంగా సంతకం పెట్టింది. ఆ మాట మీదే, అక్కడే వాగు ఒడ్డున కాపురముంటున్న చెల్లెలు వాగు నుంచి ఇంట్లోకి పైపు వేయించుకుంది.

ఈ ఏడు ఒక్కటీ లేదు. నీళ్ళు మాత్రం అద్దంలా ఉన్నాయి. బుర్ర బద్దలుకొట్టుకుంటూ, పొద్దున గని ఎగువన, మురికి తగలని చోట వాడిన పాత వలను మరోసారి ఉతికింది. అప్పటికే కడిగిన వలే. అయినా కుట్టు మడతలోంచి మూడు తోకలవి రెండు జారి పళ్ళెంలో పడ్డాయి. అప్పుడు తట్టింది ఆమెకు. దిగువకు వేరే వల ఈ ఏడే ఇచ్చారు. నిరుడు రెండు చోట్లా ఇదొక్కటే. పైగా ఆ రోజు చెల్లెలు భోజనానికి పిలిచిందని హడావుడిగా జాడించింది. ఆ నాలుగూ ఎగువ నుంచి వలతో వచ్చినవే.

ఈ మధ్యే నీళ్ళు పాడయ్యాయని రాస్తే అడిగే నాథుడు లేడు. దారి పొడవునా ఆ మాటే నెమరేసుకుంటూ చెల్లెలింటికి వెళ్ళింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆ నీళ్ళు తాగకండే. మంచివి కావు."

చెల్లెలు రెండేళ్ళ కూతురి చేతిలో గ్లాసు లాక్కుంది. "ఎప్పట్నుంచక్కా?"

నోటిదాకా వచ్చిన అబద్ధాన్ని పిల్లను చూశాక మింగేసింది.

"మొదట్నుంచీ. నిరుడు నేనే తప్పు చూశాను. పిల్లను డాక్టరుకి చూపించు, ఏడాదిగా తాగుతోందని కూడా చెప్పు."

చెల్లెలు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పిల్లను చంకనేసుకుని చెప్పులేసుకుంది.

"నేనూ వస్తానే."

"వద్దు. నన్ను చూసే వీధి వీధంతా పైపులేయించుకుంది. మా అక్క చూసిన నీళ్ళని నేనే చెప్పా. నువ్వెళ్ళి వాళ్ళకి చెప్పు."

పురుగులక్క కళ్ళు తుడుచుకుని పక్కింటి తలుపు తట్టింది.