బానెట్ మీద సతీశ్ చుక్క

జగిత్యాల బస్టాండ్ దాటినంక ఉన్న వాటర్ సర్వీసింగుల ఖలీల్ ఎప్పటిలెక్కనే పొద్దుగాల పని షురూ చేసిండు. ముందుగాల పరశురాములు టాక్సీ. నురుగు కొట్టి, కడిగి, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కొని బానెట్ తడిమిండు. కవర్ తొడిగితే ఇసుక రవ్వంత గరుకు గూడ చేతికి తెలుస్తది. ఇది దుబాయిల ఆరేండ్లు కార్లు కడిగి నేర్చుకున్న పని.

లైటు పక్కన చెయ్యి ఆగింది. జొన్నగింజంత నల్లటి తారు చుక్క. వెచ్చగున్నది.

"ఇది సతీశ్‌ది," అన్నడు ఖలీల్.

పరశురాములు ముఖం మాడ్చుకుండు. కోరుట్ల నుంచి గల్ఫుకు పోయేటోళ్లను పన్నెండేండ్ల సంది ఆయన గీ బండిలనే ఎయిర్‌పోర్టుకు దింపుతుండు. పోయినోళ్లది ఒక్కో చుక్క బండికి అంటుకుంటది. మనిషి పానంతోటి ఉన్నన్ని దినాలు వెచ్చగుంటది, ఇల్లు చేరంగనే రాలిపోతది. ఖలీల్ చుక్క గూడ ఒకప్పుడు గీ డోరు మీదనే ఉండె.

"నా కండ్లు మసకలైనయి భాయ్, ఇగ నడుపలేను. బండి అమ్ముతున్న. నాలుగింటికి సిరిసిల్ల నుంచి కొనేటాయన వస్తుండు. చుక్క ఉంటే ఆయన తీసుకోడు. బ్లేడు పెట్టి గీకు."

"తోబ తోబ! మల్యాలల గట్ల గీకితే ఏమైంది? మూడోనాడు గా మనిషి శవమై పెట్టెల వచ్చిండు."

అంతల బండి అమ్ముతున్నరని విని కల్పన ఆటో దిగి ఉరికొచ్చింది. సతీశ్ పెండ్లామామె. మస్కటుల సేటు పాసుపోర్టు గుంజుకుండని సతీశ్ చెప్పి ఐదు నెలలాయె. మళ్ల ఫోన్ లేదు.

"అన్నా, నీ కాల్మొక్త, ముట్టకు! రోజు గీ చుక్క మీద చెయ్యి పెట్టి చూసినంకనే అన్నం తింటున్న."

"నేను ఉంచినా కొన్నోడు గీకకుంటడా బిడ్డా?" అన్నడు పరశురాములు.

ఖలీల్ డబ్బాల నుంచి మట్టి ముద్ద తీసిండు. దుబాయి నుంచి తెచ్చుకున్నది, కారు రంగు చెడకుంట మరకలను లాగే ముద్ద. "బ్లేడు గీకుతది చెల్లె. మట్టి గీకది, పట్టుకుంటది." సబ్బునీళ్లు చల్లి రెండు వేళ్లతోటి మెల్లగ రాసిండు. మట్టి జారింది, జారింది, చటుక్కున ఆగింది.

కల్పన చుక్క మీద వేలు పెట్టింది. "అయ్యో, సల్లగైంది!"

"వత్తు భాయ్, వస్తది!" అన్నడు పరశురాములు.

ఖలీల్ వత్తలేదు. చెయ్యి తీసిండు. మళ్ల నీళ్లు చల్లిండు. ఆగిండు. మళ్ల రాసిండు. పగటాల దాటింది, ఎవరూ తినలేదు. మూడున్నరకు చుక్క మట్టిలకు ఎక్కింది. సంబురంగ ఎత్తవోతే సబ్బు చేతుల నుంచి ముద్ద జారింది. నేల మీద పడ్డదంటే ఇసుక అంటుతది, ఇగ పారెయ్యాలె. కల్పన కొంగు చాపి పట్టుకుంది.

"వెచ్చగనే ఉన్నదన్నా," అని ఏడ్చింది.

నాలుగింటికి బండి సిరిసిల్లకు పోయింది. మట్టిని ఆమె తడిబట్టల చుట్టుకొని ఇంటికి తీసుకపోయింది.

తొమ్మిదోనాడు ఖలీల్ ఇంకో కారు కడుగుతుంటే ఆటో ఆగింది. కల్పన దిగి ముద్ద చేతిల పెట్టింది. అందుల చుక్క లేదు. ఆమె ఎనుక సతీశ్ నిలవడ్డడు, బొక్కలు తేలిన మనిషి.

"గదికి తాళమేసి ఉండె భాయ్. ఎవరో భుజం పట్టి మెల్లగ గుంజిన్రు. మధ్యల ఆగిన్రు, మళ్ల గుంజిన్రు. చూస్తే రోడ్డు మీదున్న. సీద ఎంబసీకి ఉరికిన."

అంగీ పక్కకు జరిపిండు. భుజం మీద రెండు కమిలిన మచ్చలు. ఖలీల్ చెయ్యి తుడుచుకొని తన రెండు వేళ్లు వాటి మీద పెట్టిండు. సరిగ్గ సరిపోయినయి.

"నొస్తుందా తమ్మీ?"

"లే భాయ్. నీ వేళ్లు జర సల్లగున్నయి."